వాన లెక్క మనమే రాద్దాం

(వాతావరణ మార్పుపై సంఘం శిక్షణా తరగతుల ముగింపులో అనంతపురం ప్రాంత ప్రతినిధుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణ మార్పు అనగానే టీవీలో మంచుకొండలు కరగడం చూపిస్తారు. మెట్ట సేద్యం చేసుకునే మాకు ఆ బొమ్మల్లో మా చేను కనపడలేదు. అందుకే ఈ తరగతుల్లో మేము ఒకటే అడిగాం: దీనికీ మా వేరుశనగకూ సంబంధం ఏమిటి? మాకు అర్థమైనది మీ ముందు పెడుతున్నాం.

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించడం వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగింది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఆ వాయువు భూమి వేడిని బయటకు పోకుండా పట్టి ఉంచుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. మా చేనుకు సంబంధం ఇక్కడే ఉంది. వేడిగాలి నేలలో తేమను తొందరగా లాగేస్తుంది. కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడు రెట్లు పెరిగాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2017లో తేల్చారు.

కరువు అనంతపురానికి కొత్త కాదు. ప్రతి బెట్టకూ వాతావరణ మార్పే కారణమని ఎవరూ అనడం లేదు. అయితే పెద్దలు కార్తెలు చూసి వేసిన అంచనా ఇప్పుడు నిలవడం లేదు. కార్తె సూర్యుడి నడకను బట్టి వస్తుంది కాబట్టి మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. వాన మాత్రం ఆ తేదీకి కట్టుబడి రావడం లేదు.

ఇక అసలు సంగతి. మన నష్టం సర్కారు లెక్కలో కనపడాలంటే ఆ లెక్క ఎలా వేస్తారో మనకు తెలియాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో నైరుతి సీజను వాన సగటున 340 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ దాన్ని 'సాధారణం' అంటుంది. ఒక మండలంలో జూన్‌లో 50, జూలైలో 80 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. పదును చూసి విత్తుకున్నాం. ఆగస్టంతా చినుకు లేదు. ఊడలు దిగే వేళకు నేల గట్టిపడింది, కాయ ఊరలేదు. సెప్టెంబరు ఆఖరున రెండు రోజుల్లో 150 మిల్లీమీటర్లు కురిసింది. మొత్తం 280. సగటుకు 18 శాతమే తక్కువ. కాగితం మీద వాన సాధారణం, చేలో మాత్రం పశువుల మేత తప్ప ఏమీ మిగలదు.

కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్‌లో బెట్ట కాలాన్ని కూడా చూడాలని ఉంది. కాబట్టి సీజను మొత్తం చూపించి మన అర్జీ పక్కన పెడితే ఊరుకోకూడదు. ఎన్ని రోజులు వాన లేదు, అప్పుడు పంట ఏ దశలో ఉంది అని అడగాలి. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే 2022-26 కాలపు కేంద్ర నిబంధనల్లో మెట్ట పంటకు హెక్టారుకు 8,500 రూపాయల సాయం పెట్టారు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు మూడున్నర వేలు కూడా కాదు. విత్తనాలకైనా సరిపోతుందా? యజమాని సంతకం లేక కార్డు రాని కౌలు రైతుకు అదీ అందదు.

ఇది ఎవరి దయ మీదో ఆధారపడే విషయం కాదు. మన దేశంలో ఒక మనిషి వంతుగా ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంటే, అమెరికాలో 14 టన్నుల దాకా కలుస్తోంది. గాలిని వేడెక్కించింది ఒకరు, చేను ఎండబెట్టుకుంటున్నది మరొకరు. పరిహారం మన హక్కు.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. వేరుశనగలో కంది సాళ్లు వేసే పాత పద్ధతిని వదలవద్దు. ఒకటి ఎండినా ఇంకొకటి నిలుస్తుంది. పొలంలో పడిన నీటిని కుంటలో ఆపుకుని, బెట్టలో ఒక్క తడి ఇచ్చుకోగలిగితే పంట గట్టెక్కుతుంది.

అన్నిటికన్నా ముందు, ప్రతి ఊళ్లో సంఘం ఒక వానమాపకం పెట్టాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి పుస్తకంలో రాయాలి. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజు అంటుంది. విత్తిన తేదీ, పూత, ఊడలు దిగిన తేదీలు పక్కనే రాయాలి. మండల కేంద్రంలో కురిసిన వాన మన చేలో కురవకపోవచ్చు. అది నిరూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి. వచ్చే ఖరీఫ్ తొలి చినుకుకే ఆ పుస్తకం తెరుద్దాం.