సీసా మీద తోట పేరు

(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

దూబగుంట ఆడపడుచులు సారా దుకాణాలు మూయించిన నేల మనది. కనుక ముందే ఒక మాట. ఎవరినీ తాగమని చెప్పడానికి మేం ఈ విషయం ఎత్తుకోలేదు. ద్రాక్ష పండించిన రైతుకు ధర ఎలా వచ్చింది, ఎంతవరకు వచ్చింది అన్నదే మన చర్చ.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, సొనోమా కౌంటీలో రష్యన్ నది లోయ ఉంది. అక్కడ జో రోకియోలి అనే రైతు 1968లో పినో న్వార్ అనే నల్ల ద్రాక్ష నాటాడు. అది మహా పెంకి పంట. తోలు పలచన, గుత్తి బిగువు. కోతల ముందు వాన పడితే కుళ్లుతుంది. చిగురు తొందరగా వేస్తుంది కాబట్టి మంచు దెబ్బ తింటుంది. ఎండ ముదిరితే రుచి పోతుంది. ఇంత కష్టపడి పండించినా, మొదట్లో ఆ పండు పెద్ద కంపెనీ తొట్టిలో పడి చవక వైన్‌లో కలిసిపోయేది. టన్నుకు ఇంత అని లెక్క. తోట పేరు ఎవరికీ తెలియదు.

బర్ట్ విలియమ్స్, ఎడ్ సెలియెమ్ అనే ఇద్దరు స్నేహితులు 1979లో కారు షెడ్డులో సరదాగా వైన్ చేయడం మొదలుపెట్టారు. విలియమ్స్ పత్రిక ప్రెస్సు కార్మికుడు. రోకియోలి తోట పండుతో వాళ్లు చేసిన 1985 నాటి పినో న్వార్‌కు 1987లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో అగ్ర బహుమతి వచ్చింది. సీసా మీద తోట పేరు ఉంది. ఆ తర్వాత వాళ్ల కొనుగోలుదారుల జాబితాలో చోటు కోసం జనం వరస కట్టారు.

ఈ జాబితా పద్ధతి ఏమిటి? ఏడాదికి ఒకటి రెండుసార్లు జాబితాలో ఉన్నవారికి కబురు వెళుతుంది: మీ వాటా ఇన్ని సీసాలు, ధర ఇంత. డబ్బు ముందు, సరుకు తర్వాత. కొనడం మానేస్తే చాలాచోట్ల పేరు తీసేసి వెనుకవారికి ఇస్తారు. అంటే ధర చెప్పేది తయారుచేసినవాడు, బతిమాలేది కొనేవాడు. మన మార్కెట్ యార్డులో జరిగేదానికి ఇది తలకిందులు.

ఇది ఊరికే రాలేదు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక అక్కడి చాలా రాష్ట్రాలు మధ్యలో టోకు వ్యాపారి తప్పనిసరిగా ఉండేలా చట్టాలు చేశాయి. కొన్ని రాష్ట్రాలు తమ వైనరీలకు ఇంటికి పంపే హక్కు ఇచ్చి, బయటి రాష్ట్రాలవారికి నిరాకరించాయి. 2005 మే 16న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో మిచిగాన్, న్యూయార్క్ రాష్ట్రాల్లోని ఆ వివక్షను కొట్టేసింది. దళారీని తప్పించడానికి మంచి సరుకు ఒక్కటే చాలదు, చట్టం కూడా మారాలి.

అయితే మిత్రులారా, వైనరీ బాగుపడితే రైతు బాగుపడినట్టేనా? నాణ్యత కోసం గుత్తులు కోసి పారేసి దిగుబడి తగ్గించమని వైనరీ అడుగుతుంది. టన్ను లెక్కన ఒప్పందం ఉంటే ఆ నష్టం రైతుదే. అందుకే కొందరు రైతులు ఎకరానికి ఇంత అని రాయించుకుంటారు. అప్పుడు తగ్గిన దిగుబడి భారం కొనేవాడి మీద పడుతుంది.

2018లో ఒరెగాన్ రాష్ట్రం రోగ్ లోయలో ఏం జరిగిందో చూడండి. సరిగ్గా కోతల వేళ, అడవి మంటల పొగ పట్టిందంటూ కాలిఫోర్నియా కొనుగోలుదారు ఒకరు ద్రాక్ష తీసుకోనన్నాడు. పండు తీగ మీదే ఉండిపోయింది. అప్పుడు ఒరెగాన్ వైనరీలు కొన్ని కలిసి అందులో కొంత పండు కొని, ‘ఒరెగాన్ సాలిడారిటీ’ పేరుతో వైన్ చేసి అమ్మాయి. అందులో పినో న్వార్ కూడా ఉంది. అందరి పంటా గట్టెక్కలేదు గానీ, కొందరు రైతులు నిలబడ్డారు.

చిత్తూరు తోతాపురి రైతుకు ఈ కథ కొత్తకాదు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్‌లో కాయ మగ్గిపోతుంటే బేరమాడే బలం ఎవరికి ఉంటుంది?

మనందరి పంటా జాబితా పెట్టి అమ్ముకునేది కాదు. కానీ మూడు పనులు మన చేతిలో ఉన్నాయి. ఒప్పందం కోతకు ముందే కాగితం మీద ఉండాలి. సరుకు వద్దంటే కారణం రాసివ్వాలి, పరీక్ష మూడో పక్షం చేయాలి. నాణ్యత పేరుతో దిగుబడి తగ్గించమంటే ఆ నష్టం కొనేవాడు భరించాలి. ఒంటరి రైతు అడిగితే గేటు మూస్తారు. కాబట్టి వచ్చే సీజనుకు ముందే ఊరివారీగా కూర్చుని ఈ మూడూ రాసుకుందాం.