అవ్వ మ్రొక్కు



మాది మిరుదొడ్డి. తీర్థమనగానే మావైపువారికి కూడవెల్లి జాతరయో, కొమురవెల్లి మల్లన్నయో జ్ఞప్తికి వచ్చును. క్రైస్తవుల గుడి యన్నచో 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చినే తలంతురు. అది ప్రొటెస్టంటులది. మేము కతోలికులము. మాయవ్వ మ్రొక్కినది సికింద్రాబాదు మరియమాతకు.

ఆ మ్రొక్కు డబ్బుతో తీరునది కాదు. ఉమ్మడి బావి నీటివంతు విషయమున నాకును నా తమ్మునికిని మూడేండ్లుగా మాటలు లేవు. కొడుకులిద్దరును చెరియొక చేయి పట్టి తన్ను పీఠము ముందరకు నడిపింపవలెనని ఆమె మ్రొక్కుకొన్నది. చూపు మందగించినది, ఇంక వాయిదా వేయుటకు మాకు మొగము చెల్లలేదు.

ఆగస్టు 15, మోక్షారోపణ పండుగనాడు, కుటుంబములతో తెల్లవారకముందే బయలుదేరితిమి. సిద్దిపేటలో బస్సు మారితిమి. తమ్ముడు ముందర కూర్చుండెను, నేను వెనుక. అవ్వ మధ్యనుండి ఇరువైపులకును సద్దిరొట్టె లందించుచుండెను. జూబిలీ బస్ స్టేషనులో దిగునప్పటికి వీథులలో బడిపిల్లలు జెండాలు పట్టుకొని పోవుచుండిరి.

సికింద్రాబాదు కంటోన్మెంటు సిపాయీలలో ఐర్లండు కతోలికులు పెక్కురుండిరి. ఫాదర్ డేనియల్ మర్ఫీ 1840లో ఆరంభించిన ఈ దేవాలయము 1850లో పూర్తియయ్యెను. ఆయన తరువాత ఎక్కడో టాస్మేనియా ద్వీపమున హోబార్టునకు బిషప్పయ్యెను. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫు దేవాలయమునకు కథీడ్రలు గౌరవము పోవువరకు అది దీనిదే. 2008లో రోమునుండి దీనికి బసిలికా పదవి లభించినది. మన మిద్దెలవలెగాక, తోరణములు పైకి పోయి కొనదేరియుండును. క్రింద నిలిచినవాని తల తనంత తానే పైకెత్తుకొనును. ఇవన్నియు అవ్వకు చెప్పబోతిని. “అది తర్వాత చెప్పు, ముందుగాల నడు” అన్నది.

గుమ్మముకడ జనము క్రిక్కిరిసియుండిరి. నేనొక చేయి పట్టితిని. రెండవచేయి గాలిలో తడవుచుండెను. తమ్ముడు నాలుగడుగుల దూరమున తన బిడ్డను ఎత్తుకొని నిలిచియుండెను. వానిని పేరుపెట్టి పిలిచి ఎన్నాళ్లయినదో! గొంతు పెగలలేదు. తుదకు, “తమ్మీ, ఆ చెయ్యి పట్టు” అంటిని. వాడు బిడ్డను నా భార్యచేతికిచ్చి వచ్చి పట్టుకొనెను. గుమ్మమునుండి పీఠమునకు ఎంతయో దూరము లేదు. అవ్వ మాత్రము కావలెననియే మెల్లగా నడచినదని నా యనుమానము. కొవ్వొత్తి వెలిగించుటకు ఆమె చేయి వణకగా ఇద్దరము ఒక్కసారే పట్టుకొంటిమి.

ఆమె ఏమి వేడుకొన్నదో చెప్పలేదు, మేమడుగలేదు.

నీటివంతు తగవు నాడు తీరలేదు. అది పెద్దమనుష్యుల యెదుట తేలవలసినది. తిరుగు బస్సులో తమ్ముడు నా వెనుక సీటులో కూర్చుండెను. గజ్వేలు దాటినపిమ్మట ముందునకు వంగి, “అన్నా, కాలిపోయిన మోటరు బాగుచేయిస్తివా?” అని అడిగెను.

లేదంటిని. మిరుదొడ్డి చేరువరకు మోటరును గూర్చియే మాటలాడుకొంటిమి. అవ్వ కన్నులు మూసికొని యుండెను, నిద్రించుచున్నదని నేననుకొనలేదు.