మన యింటి రౌటరు – దానిలోని గ్రంథము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన గ్రామమునకు చేసిన సేవను నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా వివరించిరి. నేను పద్దులు వ్రాసికొనువాడను. తీరిక వేళ భారత భాగవతములు చదువుకొన్నవాడనే గాని యంత్రశాస్త్ర మభ్యసించినవాడను గాను. అయినను, నేడు మన యిండ్లలోను, ఈ పఠనమందిరములోను వెలసిన వైఫై రౌటరును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. గ్రంథాలయ సభలో ఈ ప్రస్తావన యేల యని మీకు తోపవచ్చును. ఆ పెట్టెలోను ఒక గ్రంథమున్నది. దానిని తెరచి చదువుటకును, దిద్దుటకును కొన్నవానికి అధికారమున్నదా యనునదే నేటి ప్రశ్న.

రౌటరనగా ఒక చిన్న కంప్యూటరు. వెలుపలినుండి వచ్చు ఇంటర్నెట్టును ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు పంచుటయు, పిలువనివారిని గుమ్మముకడనే నిలుపుటయు దాని పని. ఆ పని యెట్లు చేయవలయునో చెప్పు ఆదేశముల సముదాయమును ఫర్మ్‌వేర్ అందురు. అది ఫ్లాష్ మెమరీలో వ్రాయబడియుండును. కరెంటు పోయినను చెరగదు. తయారుచేసిన సంస్థ వ్రాసిన ఫర్మ్‌వేరును తొలగించి, స్వతంత్రముగా ఇతరులు వ్రాసినదానిని అచట నెక్కించుట పెక్కు రౌటర్లలో సాధ్యము.

అట్లు మార్చవలసిన అవసరమేమి? ఏ సంస్థయు పాత యంత్రమునకు కలకాలము సవరణలు పంపదు. కొన్నియేండ్లకు మానివేయును. ఆపై బయటపడిన లోపములు అట్లే యుండిపోవును. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అను దుష్ట ప్రోగ్రాము 54 దేశములలో కనీసము 5 లక్షల రౌటర్లను, తత్సమాన యంత్రములను ఆక్రమించెనని సిస్కో సంస్థ పరిశోధకులు ప్రకటించిరి. గడియ విరిగిన తలుపునకు రంగు వేసినంత మాత్రమున కాపలా కాదు. మన బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువులు ఆ గుమ్మముగుండనే సాగుచున్నవి గదా!

ఈ విద్య పుట్టిన కథ వినదగినది. 2002 చివర అమెరికాలో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అను రౌటరును విడుదల చేసెను. 2003లో సిస్కో ఆ సంస్థను కొనెను. ఆ యేడే, ఆ పెట్టెలో నడుచుచున్నది లినక్స్ అని తెలిసినవారు కనుగొనిరి. లినక్స్ 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది. మరుసటి యేడు ఆయన దానిని రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన జీపీఎల్ అను అనుమతిపత్రము క్రిందికి తెచ్చెను. ఆ పత్రపు షరతు సరళము: ఎవరైనను తీసికొనవచ్చును, మార్చవచ్చును, అమ్ముకొనవచ్చును. కాని అమ్మినవాడు కొన్నవానికి సోర్స్ కోడ్ అనబడు మూలపాఠమును అవే హక్కులతో అందీయవలయును. తాను పొందినదానిని దాచరాదు.

అడిగినవారుండుటచే 2003లోనే సంస్థ మూలపాఠమును వెలువరించెను. దాని ఆధారముననే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆరంభమయ్యెను. డీడీ-డబ్ల్యూఆర్‌టీ, టొమాటో మొదలగునవియు వచ్చెను. 2005లో అదే పేరుతో వచ్చిన కొత్త రకములో సంస్థ లినక్స్‌ను తీసివైచి, మెమరీని సగము చేసెను. అయినను కోరువారి కొఱకు లినక్స్‌తో డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అను వేఱొక రకమును అమ్మెను. లింక్‌సిస్ వస్తువుల విషయమున షరతులు పాటింపలేదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో సిస్కోపై దావా వేయగా, 2009లో రాజీ కుదిరెను. 2024 నవంబరునాటికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వారి పేరుతోనే ఒక రౌటరు మార్కెట్టునకు వచ్చెను.

దీని ధర్మము మనకు క్రొత్త గాదు. నన్నయ విడిచిన భారతమును తిక్కన విరాటపర్వమునుండి సాగించెను. మిగిలిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించెను. ముందటివాని పాఠము ఎదుట నుండబట్టియే వెనుకటివాడు పూరింపగలిగెను. పెట్టెలో తాళము వేసిన గ్రంథమును పూరించువారుండరు.

ఇక చేయు విధానము. మొదట ఆ యంత్రము మనదేనా యని చూడవలయును. ఇంటర్నెట్టు సంస్థవారు వాడుకకిచ్చిన ఫైబరు పెట్టెను ముట్టరాదు. అది పరుల సొత్తు. మనదైనచో, అడుగున అంటించిన చీటిపై మోడలు సంఖ్యతోపాటు వెర్షను సంఖ్యను కూడ చదువవలయును. పేరొక్కటియే యైనను లోపలి భాగములు వేఱుగా నుండవచ్చును. 4 ఎంబీ ఫ్లాష్ గాని, 32 ఎంబీ ర్యామ్ గాని కల పాతవి నేటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి చాలవు. ఈ విద్యకు మూలమైన డబ్ల్యూఆర్‌టీ54జీ కూడ ఆ లెక్కన నేడు పనికిరాదు!

పిమ్మట సరియైన ఫైలును దింపుకొనవలయును. సంస్థ ఫర్మ్‌వేరునుండి మొదటిసారి మారువారికి సాధారణముగా ఫ్యాక్టరీ అను ఫైలును, అప్పటికే మారినవారికి సిస్‌అప్‌గ్రేడ్ అను ఫైలును ఉద్దేశింపబడినవి. ఫైలుతో ఎస్‌హెచ్‌ఏ-256 అను సరిచూపు సంఖ్య నిత్తురు. మనము లెక్కించిన సంఖ్యయు, వారిచ్చినదియు అక్షరము తప్పక కలియవలయును. మొత్తము కలియని పద్దుపై సంతకము చేయుదుమా? ఇంటర్నెట్టు సంస్థవారిచ్చిన యూజరు పేరు, పాస్‌వర్డు ముందుగనే కాగితముపై వ్రాసికొనుడు. వైఫైతో గాక తీగతో కంప్యూటరును కలిపి ఎక్కింపుడు. ఎక్కుచుండగా కరెంటు పోయినచో రౌటరు ఇటుకవలె పడియుండును. కావున మన ఊరిలో ఇన్వర్టరు లేక యీ పనికి పూనుకొనరాదు. కొన్నిటిని టీఎఫ్‌టీపీ వంటి మార్గములచే బ్రతికింపవచ్చును. అన్నిటికి ఆ భాగ్యము లేదు. గ్యారంటీయు పోవచ్చును.

ఎక్కిన పిదప 192.168.1.1 అను చిరునామాలో ప్రవేశించి, ముందుగా పాస్‌వర్డు పెట్టవలయును. వైఫై ఆపివేసియున్నచో దేశమును ఇండియాగా ఎంచుకొని, డబ్ల్యూపీఏ2 గాని డబ్ల్యూపీఏ3 గాని రక్షణతో తెరువవలయును. దూరమునకు పారునని చట్టము మీరి ప్రసారశక్తిని పెంచరాదు. అంతటితో పని తీరలేదు. కొత్త ఫర్మ్‌వేరునకును సవరణలు వచ్చుచుండును. వానిని ఎక్కింపనివాడు ఒక పాత లోపమును విడిచి మఱియొకదానిని తెచ్చుకొన్నవాడగును. సంస్థ యింకను సవరణలు పంపుచున్నచో, మీకు వేఱు కొఱత లేనిచో, ఉన్నదానినే ఉండనిండు.

కార్యవర్గమువారికి నా విన్నపము రెండు. పఠనమందిరములోని రౌటరునకు చివరి సవరణ ఎన్నడు వచ్చినదో చూచి, ఒక పుస్తకములో తేదీతో వ్రాయించుడు. ఎవరికిని అక్కఱలేని పాత రౌటరు నొకదానిని యువకుల కిచ్చి, దానిపై ఈ విద్య నభ్యసింపనిండు. చెడినను నష్టము లేదు. గ్రంథాలయము చదువుట నేర్పినది. మనము కొన్న వస్తువును కూడ చదువగలుగుట ఆ నేర్పునకే కొనసాగింపు.