స్టీరింగు తనంతట తాను తిరిగితే లాభమెవరికి?

(ట్రాక్టరు డ్రైవర్లు, కౌలు రైతుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని. ట్రాక్టరు నడపడం రాదు. మరి నన్నెందుకు పిలిచారంటే, మన వాడ తమ్ముళ్లు నలుగురు కలిసి అప్పు మీద ట్రాక్టరు కొన్నారు. కిస్తీలు ఇంకా తీరలేదు. ఇప్పుడు స్టీరింగు తనంతట తానే తిరిగే సామాను బిగించుకోమని అమ్మేవాళ్లు వెంట పడుతున్నారు. "సార్, జర లెక్క చేసి చెప్పు" అన్నారు తమ్ముళ్లు. లెక్క చెప్పడం నా పని కాబట్టి వచ్చాను.

ముందు ఆ సామాను ఏందో తెలుసుకుందాం. ట్రాక్టరు పైన ఒక యాంటెన్నా పెడతారు. అది ఉపగ్రహాల సంకేతం అందుకుంటుంది. ఉత్త సంకేతాన్నే నమ్ముకుంటే మీటర్ల లెక్కన తేడా వస్తుంది. నేల మీద కదలకుండా ఉండే ఒక కేంద్రం నుంచి సవరణ అందితే ఆ తేడా రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. డ్రైవరు మొదటి సాలుకు ఈ చివర, ఆ చివర గుర్తు పెడతాడు. మిగతా సాళ్లన్నీ దాని పక్కనే సమానంగా పోయేటట్టు ఒక మోటారు స్టీరింగును తిప్పుతుంది. గట్టు దగ్గర మలుపు మాత్రం చాలా సామాన్లలో డ్రైవరే తిప్పుకోవాలి. 2025లో లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఇట్లాంటి సామానును ట్రాక్టరుకు బిగించి నడిపి చూపించారు. కాబట్టి ఇది మాయ కాదు, మోసం కాదు. నిజంగానే పని చేస్తుంది.

మా నాయిన ఒక దొర దగ్గర జీతమున్నాడు. అక్షరం రాదు. కానీ కొండ్ర వేసి మొదటి సాలు కొట్టిండంటే తాడు పట్టి గీసినట్టుండేది. సాలు వంకర పోతే తిట్లు పడ్డాయి. సక్కగా పోయిందని మాత్రం ఏనాడూ ఒక గింజ ఎక్కువ కొలవలేదు. అదే సక్కటి సాలును ఇవాళ లక్షలకు అమ్ముతున్నారు. అంటే ఆ పనికి ఎప్పుడూ విలువ ఉంది. పని చేసిన మనిషికే విలువ కట్టలేదు. ఈ మాట మనసులో పెట్టుకుని లెక్కలోకి పోదాం.

1918లో బాబాసాహెబ్ మన దేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఒక్క ఎకరాలను బట్టి తేలదు, దాని మీద పెట్టే పనిముట్టు, పెట్టుబడి, శ్రమలను బట్టి తేలుతుందన్నది ఆయన వాదన. ఈ సామానును కూడా అట్లనే చూడాలి. ఏ భూమి మీద, ఎవరి పెట్టుబడితో అని అడగాలి.

అమెరికాలో 2022 లెక్కల ప్రకారం సగటు కమతం 463 ఎకరాలు. అక్కడ 2023 నాటికి పంటలు పండించే భారీ కమతాలలో 70 శాతం, నడితరం వాటిలో 52 శాతం ఈ స్టీరింగు వాడుతున్నాయి. చిన్న రైతులు అక్కడ కూడా వెనకే ఉన్నారు. 2015-16 లెక్కల ప్రకారం పంజాబులో సగటు కమతం 3.62 హెక్టార్లు. మన తెలంగాణలో ఒక్క హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు.

నలుచదరంగా ఉన్న ఎకరం మడి ఒక్కో పక్క 208 అడుగులు. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు నిమిషం తిరగకముందే ఆ గట్టు చేరుతుంది. నిమిషం సామాను తిప్పుతుంది, తర్వాత మలుపు మనోడు తిప్పాలి. అమెరికాలో అర మైలు పొడవు చేనులో అదే వేగానికి పన్నెండు నిమిషాలు సక్కగా పోవచ్చు. పైగా అక్కడ మందు కొట్టే యంత్రం రెక్కలు నూరడుగుల దాకా చాపుతుంది. అంత దూరాన్ని కన్ను కొలవలేదు. మన ఏడడుగుల కల్టివేటరును కన్ను కొలుస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. లెక్క కోసం సామాను నాలుగు లక్షలనుకుందాం. మన బండి ఏడాదికి 500 ఎకరాలు దున్నుతుంది. ఎకరానికి గంట, ఐదు లీటర్లు. సాలు మీద సాలు ఎక్కడం వల్ల పోయేది పది శాతం ఉంటే, సామాను దాన్ని రెండు శాతానికి తెచ్చిందనుకుందాం. మిగిలేది 200 లీటర్లు, 40 గంటలు. లీటరు నూరు చొప్పున 20,000 రూపాయలు. ఆ 40 గంటలకూ గంటకు వెయ్యి కిరాయితో వేరే పని దొరికితే, డీజిలు ఖర్చు పోను ఇంకో 20,000. మొత్తం 40,000. నాలుగు లక్షల అప్పుకు నూటికి పది వడ్డీ ఎంత? అదే 40,000! వడ్డీ కట్టుకుంటూ పోతాం, అసలు అట్లనే కూర్చుంటుంది.

ఇది కూడా ఎకరానికింత అని కిరాయి తీసుకుంటేనే. మనం గంటకింత అని తీసుకుంటున్నాం. గంట కిరాయికి తిరిగే బండి సక్కగా దున్ని తొందరగా పని ముగిస్తే మిగులు ఎవరికి? పొలం ఆసామికి. అప్పు ఎవరికి? మనకు. దొర చేనులో మా నాయిన సాలుకు, దీనికి తేడా ఏముంది?

మంచి కూడా చెప్పాలి. రాత్రిపూట దుమ్ములో, నిద్ర కళ్లతో స్టీరింగు పట్టుకునే డ్రైవరుకు భుజాలు, మెడ తేరుకుంటాయి. అది చిన్న విషయం కాదు. కానీ మామూలు సామానుకు కళ్లు లేవు. గట్టు మీద పడుకున్న మనిషినీ, చేను నడుమ పాత బావినీ అది చూడదు. డ్రైవరు దిగిపోయే బండి కాదది. సంకేతం కూడా ఎప్పుడూ మన చేతిలో ఉండదు. 2024 మే 10, 11 తేదీలలో సూర్యుడి మీద లేచిన తుఫానుకు సంకేతాలు చెదిరి, అమెరికాలో విత్తే అదనులో చాలామంది రైతులు ట్రాక్టర్లు ఆపుకున్నారు. ఇంకో సంగతి, సాలు యంత్రమే కొడుతుంటే రేపు ఆసామి "నీదేముంది, కూసున్నందుకు ఇంత జీతమా" అంటాడు. దానికి ఇవాళ్టి నుంచే జవాబు సిద్ధం చేసుకోవాలి.

కాబట్టి నా మాట ఇది. సొంత అప్పు మీద ఈ సామాను కొనకండి. ముందు ఒక కారు నోటుబుక్కు పెట్టండి. ఎన్ని ఎకరాలు, ఎన్ని గంటలు, ఎన్ని లీటర్లు అన్నీ రాయండి. ఏడడుగుల కల్టివేటరుతో పది సాళ్లు పోతే డెబ్బై అడుగులు తెగాలి. టేపు పట్టి కొలవండి. అరవై మూడే ఉంటే పది శాతం పోయినట్టు. టేపు ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. చాలాసార్లు కొలిచిన మరునాటి నుంచే చెయ్యి సక్కబడుతుంది.

రెండోది, దుక్కి కిరాయి ఎకరం లెక్కకు మార్చుకోండి. అందరు డ్రైవర్లు కలిసి ఒక్క మాట మీద నిలబడితేనే అది అయ్యే పని.

మూడోది, 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద కిరాయి యంత్రాల కేంద్రాలకు ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. ఇట్లాంటి సామాను ఉండవలసింది అట్లాంటి కేంద్రంలో. నష్టమొస్తే నలుగురు కుర్రవాళ్ల మీద పడకుండా పదిమందీ మోస్తారు. దాన్ని నడపడం, బాగు చేయడం నేర్పే శిక్షణలో మొదటి పేర్లు మన పిల్లలవి ఉండాలని అడగండి. ముల్లుగర్ర పట్టిన చేతులవి. తెరను ముట్టుకోవడానికి వెనకాడేదేమీ లేదు.

యంత్రం మనకు శత్రువు కాదు. లెక్క తెలియకుండా కొన్న యంత్రమే శత్రువు. వచ్చే సమావేశానికి నోటుబుక్కులు తీసుకుని రండి. కూర్చుని కలిపి చూద్దాం.