మౌసు యెవరి చేతిలో వున్నది?

(అమరచింత సభలో చేసిన ప్రసంగం)



కంప్యూటరు చదువు గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచిండ్రు. కరపత్రంలో మా పేర్ల పక్కన 'నిపుణులు' అని వేసిండ్రు. అది అచ్చుతప్పు. మేం బడిపంతుళ్లం. మేం అంటే నలుగురం. యిద్దరం యిటు ఆత్మకూరు దిక్కు, వొకరు వనపర్తి దిక్కు, వొకరు గద్వాల దిక్కు పనిచేస్తున్నం. మా నలుగురి యిండ్లలో మాకంటే ముందు కాలేజీ గేటు దాటిన మనిషి లేడు. మా అయ్యలు వేలిముద్ర వేసిండ్రు, మేం సంతకం పెట్టడం నేర్చుకున్నం. యిప్పుడు రేషను బియ్యానికి మళ్లా వేలిముద్రనే అడుగుతున్నరు, అది వేరే కథ.

2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూసిండ్రు. సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వేసిండ్రు. యెవరు చూస్తున్నరో, యెవరు చూస్తలేరో వాడవాడ తిరిగి రాసుకునే పని మాకు పడింది. తిరిగినం. కొన్ని యిండ్లలో టీవీ వున్నది, రీచార్జి లేదు. కొన్ని యిండ్లలో ఫోను వున్నది, అది పొద్దున్నే తండ్రి జేబులో పడి పనికి పోతది, చీకటయినంక వస్తది. పాఠం పదిన్నరకు, ఫోను ఏడున్నరకు! 2017–18లో కేంద్ర ప్రభుత్వమే తీసిన జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం దేశంలో పల్లెటూర్లలో నూటికి నాలుగు యిండ్లలోనే కంప్యూటరు వున్నది. యింటర్నెట్టు అందుబాటు వున్నది నూటికి పదిహేను యిండ్లకు. పల్లె అంటే అందులో వూరూ వున్నది, వాడా వున్నది. వాడను విడదీసి లెక్క కడితే నూటికి యెన్ని మిగులుతయో మీరే చెప్పండి.

ఆ యేడాది జూన్ 1న, కేరళలో ఆన్‌లైను క్లాసులు మొదలైన రోజే, మలప్పురం జిల్లాలో పద్నాలుగేండ్ల దళిత పిల్ల ప్రాణం తీసుకుంది. తండ్రిది రోజుకూలి. యింట్లో టీవీ చెడిపోయింది, బాగు చేయించడానికి పైసలు లేవు. పేపర్లో ఆ వార్త చదివిన రాత్రి మేం వొకరికొకరం ఫోను చేసుకున్నం. యేం మాట్లాడుకున్నమో గుర్తు లేదు. మా హాజరు పట్టీలు తీసి యెవరింట్లో యేమున్నదో పేరుపేరునా చూసుకున్నది మాత్రం గుర్తున్నది.

యిక్కడ మా తప్పు కూడా చెప్పాలె. ఆ అక్టోబరులో మాకు దీక్షా అనే ప్రభుత్వ వేదిక మీద నిష్ఠ అని ఆన్‌లైను శిక్షణ పెట్టిండ్రు. వీడియో చూడాలె, ప్రశ్నలకు జవాబు కొట్టాలె, సర్టిఫికెట్టు వస్తది. మేం యేం చేసినం? వీడియోను దాని మానాన నడవనిచ్చి అన్నం తిన్నం. జవాబులు వాట్సాప్‌లో యెవరో పెడితే చూసి కొట్టినం. సర్టిఫికెట్లు వచ్చినయి. పిల్లలు కాపీ కొడితే బెంచీ యెక్కించే మనుషులం మేం! కూలి చేసి మమ్మల్ని చదివించిన తల్లుల ముందు దాచిపెట్టడం మర్యాద కాదని చెప్తున్నం.

2021 సెప్టెంబరులో బడులు తెరిచినంక మా నలుగురిలో వొకరి బడిలో మూలగది తాళం తీసినం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో అయిదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు యిచ్చిండ్రు, అయిదేండ్ల కాంట్రాక్టు మీద. కాంట్రాక్టు తీరినంక నేర్పే మనిషి పోయిండు, మిషన్లు మిగిలినయి. వాటి మీద గుడ్డ కప్పి తాళం వేసిండ్రు. 'పిల్లలు ముడితే పాడయితయి' అని. ముట్టకుండానే పాడయినయి. పదింట్లో రెండు లేచినయి. అదే మా కంప్యూటరు చదువు. పిల్లల కంటే ముందు మేమే నేర్చుకున్నం, బడి విడిచినంక, తలుపు దగ్గరికేసుకుని. మౌసు పట్టుకుంటే తెర మీద బాణం పారిపోయేది. నలభై యేండ్ల వయసులో మళ్లా వోనమాలు. తొమ్మిదో తరగతి పిల్ల వొకామె కిటికీలోంచి చూసి నవ్వింది. లోపలికి రమ్మన్నం. ఆ పిల్లే మాకు నేర్పింది. వాళ్లన్న హైదరాబాదులో సెల్లు రిపేరు షాపులో పనిచేస్తడట.

రెండు మిషన్లు, నలభై మంది. మిషనుకు అయిదుగురు చొప్పున వంతులేసినం. వారం రోజులు చూసినంక వొకటి కనబడ్డది. మౌసు యెప్పుడు చూసినా అవే చేతుల్లో వున్నది. యింట్లో పెద్ద ఫోను వున్న పిల్లలు కుర్చీలో కూచుంటున్నరు. వాడ పిల్లలు వెనక నిలబడి మెడ చాపుతున్నరు. యెవరూ వాళ్లను నిలబడమనలేదు. చెప్పకుండానే నిలబడ్డరు! మనకు బాగా తెలిసిన నిలబడటమే అది.

యింకో రోజు వొక పిల్ల మౌసు విడిచి లేచింది. తర్వాత కూచున్న పిల్లోడు జేబులోంచి రుమాలు తీసి మౌసు తుడిచి పట్టుకున్నడు. కరోనా కాలం గదా, తుడిచిండేమో అనుకుందామంటే, అంతకు ముందు లేచిన ముగ్గురి తర్వాత తుడవలేదు. ఆ పిల్ల చూసింది. మేమూ చూసినం. మేం యేమీ అనలేదు. అన్నలారా, వుద్యమంలో యిన్నేండ్లు తిరిగి, మైకుల ముందు యింతింత మాట్లాడి, ఆ రోజు తరగతిలో నోరు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి పాఠం పక్కన పెట్టి బాబాసాహెబ్ చదువుకున్న బడి గురించి చెప్పినం. సతారాలో గోనెపట్ట యింటి నుంచి తెచ్చుకుని దూరంగా కూచున్నడని, ప్యూను వచ్చి పైనుంచి పోస్తేనే నీళ్లని, ప్యూను రాని రోజు నీళ్లు లేవని. బొంబాయిలో హైస్కూలుకు వచ్చినంక లెక్క చెయ్యమని పంతులు బోర్డు దగ్గరికి పిలిస్తే, పిల్లలు కేకలేసి, బోర్డు వెనక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలు యివతలికి గుంజుకున్నరని. రుమాలు పిల్లోడి పేరు మేం యెత్తలేదు. వాడు తల వంచుకున్నడు. వాడు మారిండని మేం చెప్పలేం, వాడి యింటికి రోజూ పోయి చూస్తలేం. తరగతిలో మాత్రం వొక నియమం పెట్టినం: మౌసు తెలియనివాళ్ల చేతికి. తెలిసినవాళ్లు చేతులు వెనక కట్టుకుని నోటితోనే చెప్పాలె. నాలుగు రోజులు గొడవ చేసిండ్రు. తర్వాత అదే అలవాటయింది. చెప్పడం కొట్టడం కంటే కష్టమని తెలిసినవాళ్లకు తెలిసింది.

2022 మార్చి 8న వనపర్తిలోనే 'మన వూరు – మన బడి' మొదలుపెట్టిండ్రు. ఆ తర్వాత కొన్ని బడులకు గోడంత తెరలు వచ్చినయి. వేలు పెడితేనే నడుస్తయి. ముట్టుకుంటేనే పనిచేసే వస్తువు వచ్చి, ముట్టుకోవద్దనే మనుషుల నడుమ పడ్డది. బాగానే వున్నది. కానీ తెర పెడితే వొక టీచరు పోస్టు మిగులుతదని లెక్కలేసేవాళ్లు వుంటరు, వాళ్ల మీద కన్నేసి వుంచండి.

యిప్పుడు మాకు అన్నిటికంటే పనికొచ్చిన సాధనం చెప్తం. దాని పేరు ప్లికర్స్. పిల్లలకు ఫోను అక్కర లేదు, పంతులుకు వొక్కటి వుంటే చాలు. తలా వొక కాగితం కార్డు. దాని మీద నల్లచదరం బొమ్మ, వొక్కో కార్డుకు వొక్కో తీరు, నంబరు వేసి. నాలుగు అంచులకు సన్న అక్షరాలు – ఎ, బి, సి, డి. ప్రశ్న అడిగితే యే జవాబు అనుకుంటరో ఆ అంచు పైకి పెట్టి కార్డు లేపాలె. మేం ఫోను కెమెరా తరగతి మీద తిప్పితే యెవరు యేం చెప్పిండ్రో ఫోనులో పడతది. పక్కవాడిది చూసి కొట్టలేరు. కార్డులు జిరాక్సు తీయించి, పాత పెండ్లిపత్రికల అట్టలకు అంటించినం. మొత్తం ఖర్చు అంతే.

మొదటి రోజు అడిగినం: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? యింతకు ముందయితే ముందు బెంచీలో నలుగురు చెయ్యెత్తుతరు, వొకడు సరిగ్గా చెప్తడు, తరగతికి అర్థమయిందని మేం ముందుకు పోతం. యేండ్ల తరబడి అట్లనే పోయినం. కార్డులు లేపించిన రోజు సగం కంటే యెక్కువ మంది నాలుగో వంతే పెద్దదన్నరు – మూడు కంటే నాలుగు పెద్ద గదా! చెయ్యెత్తే పిల్లలు కూడా. మా పాఠం యెంత వొట్టిదో మాకు తెలిసిన రోజు అది. యెన్నడూ నోరు విప్పని పిల్ల వొకామె సరిగ్గా చెప్పింది. యెట్లా తెలిసిందమ్మా అంటే, 'రొట్టె ముగ్గురం పంచుకున్న రోజు పెద్ద ముక్క వస్తది సారూ, అక్క వచ్చిన రోజు చిన్నదయితది' అన్నది. ఆ పిల్ల మా తరగతిలో రెండేండ్లుగా వున్నది. మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

దీంట్లోనూ వొక తప్పు చేసినం. జవాబులను పేర్లతో సహా పెద్ద తెర మీద వేసినం. తప్పు చెప్పినవాళ్ల పేర్లు యెర్రగా. పిల్లలు నవ్విండ్రు. యెర్రపేర్లు యెవరివో చెప్పనక్కర లేదు. మర్నాడు యిద్దరు బడికి రాలేదు. అప్పటి నుంచి పేర్లు మా ఫోనులోనే వుంటున్నయి.

గద్వాల దిక్కు పనిచేసే మా సారుది వేరే కష్టం. అక్కడ సీడు పత్తి. వానాకాలం చివర్లో క్రాసింగు పని వస్తే తరగతులు ఖాళీ. సాయంత్రం పువ్వు వొలవాలె, తెల్లారి పుప్పొడి అద్దాలె. చిన్న వేళ్లు కావాలంటరు. పాఠం పోగొట్టుకుంటున్నరని వాట్సాప్‌లో వీడియోలు పంపినం, యెవరూ తెరవలేదు. డేటా అయిపోతదని భయం. రెండు నిమిషాల మాట రికార్డు చేసి పంపినం, విన్నరు. జాషువా 1941లో గబ్బిలంతో కబురు పంపించిండు, మనం ఫోనుతో పంపిస్తున్నం అని సంబరపడ్డం. పది రోజులకు చేనుకాడ వొక సీడు ఆసామి అన్నడు: 'పాఠం యిక్కడికే వస్తున్నది గదా సారూ, యిక బడెందుకు?' చేతులు పని చేస్తుంటే చెవులు పాఠం వింటున్నయి. మేం పంపిన పాఠం వాడికి సాకయింది! ఆ రోజు నుంచి పొద్దటి పూట పంపడం బందు. రాత్రి మాత్రమే పంపుతున్నం. పగలు పాఠం బదులు మేమే చేనుకాడికి పోతున్నం, పిల్లలను పిలుచుకు రావడానికి. అక్కడ మీ సంఘం రావాలె. వొంటరిగా పోతే పంతులును యెవరూ లెక్క చెయ్యరు.

యింకొకటి. పిల్లలు తెలుగులో 'అమరచింత' అని కొట్టి వెతికిండ్రు. సంస్థానం వచ్చింది, రాజులు వచ్చిండ్రు, పట్టుచీరలు వచ్చినయి, జూరాల వచ్చింది. 'మన వాడ యేది సార్?' అన్నరు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది, దాంట్లో యెవరైనా రాయొచ్చని చెప్పినం. పిల్లలు వుషారుగా అవ్వల దగ్గరికి పోయిండ్రు. కాలువ తవ్విన నాటి కూలి యెంత, మగ్గం మీద చీర యెవరు నేసిండ్రు, వాడలో మొదటి బావి యెవరు తవ్విండ్రు, బొంబాయి దారి మొదట పట్టిందెవరు – నోటుబుక్కులు నింపుకొచ్చిండ్రు. రాయబోతే అడ్డమొకటి. అక్కడ రాసే ప్రతి మాటకు ఆధారం కావాలె, అది అచ్చయి వుండాలె. అవ్వ నోటి మాట చెల్లదు. నియమం చెడ్డదని మేం అనం, అబద్ధాలు రాయకుండా పెట్టుకున్నరు. కానీ రాజుల మాట అచ్చులో వున్నది, అవ్వ మాట లేదు. అందుకని ఆ నోటుబుక్కులు సంపాదకులకు యిచ్చినం. యీ పత్రికలో వేస్తే అచ్చయినట్టే గదా! నాలుగు పేజీలు యివ్వమని అడుగుతున్నం.

చివరగా ఫారాల సంగతి. స్కాలర్‌షిప్పుకు ఈ-పాస్, అయిదో తరగతి గురుకులం సీటుకు దరఖాస్తు, అన్నీ యింటర్నెట్టులోనే. పోయిన యేడు మా పాత విద్యార్థిని, యింటర్ పిల్ల, సెంటరు ముందు మూడు రోజులు నిలబడ్డది. ఓటీపీ తండ్రి ఫోనుకు పోతది. తండ్రి పుణెలో కట్టుబడి పని మీద పన్నెండో అంతస్తులో వున్నడు. ఫోను యెత్తేసరికి ఓటీపీ గడువు తీరేది. మూడో రోజు దరఖాస్తు గడువే తీరింది. యిది తెలివికి సంబంధించింది కాదు. ఆ పిల్లకు మాకంటే తెలివి యెక్కువ.

వలస పోయేవాళ్లకు వొక మాట: ఆధారుకు కలిపిన సిమ్ము యింట్లో వుంచి పోండి, కొత్త సిమ్ము వెంట తీసుకుపోండి. పిల్లలకు మేం ఫారాలు నింపడం పాఠంలాగే నేర్పుతున్నం. వుత్తుత్తి ఫారం నాలుగుసార్లు నింపి, అసలుది అయిదోసారి. ఓటీపీ అడిగి ఫోను చేసే దొంగలకు చెప్పొద్దని కూడా.

సంఘం వాళ్లను మేం అడిగేది యింతే. శనివారం సాయంత్రం ఆరింటికి యీ హాలు తెరిచి పెట్టండి. మేం నలుగురిలో యిద్దరం వస్తం. రెండు పెద్ద ఫోన్లు కావాలె, వొక చార్జింగు బోర్డు కావాలె, ఫ్యాను లేకున్నా నడుస్తది. ఆడపిల్లలను తోలుకొచ్చి తిరిగి యింటికి తోలుకపోయే బాధ్యత యువకులు తీసుకోవాలె. తాళంచెవి యెవరి దగ్గర వుంటదో యిప్పుడే, యీ సభలోనే చెప్పండి. మూలగది తాళం తిప్పలు మేం వొకసారి పడ్డం.

జై భీమ్.