కడుపు ఆకలి – మనసు ఆకలి

(తంగళ్ళపల్లిలో బీడీలు చేసే స్త్రీలు, మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యానికి మంచి తిండి ఎంచుకోవడం, మనసు బాగాలేనప్పుడు తిండి మీద పడే అలవాటును అదుపు చేసుకోవడం – ఈ విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ‘ఎంచుకోవడం’ అనే మాట దగ్గర ముందు కాసేపు ఆగుతాను. ఎంచుకోవాలంటే ముందర నాలుగు ఉండాలి. చేతిలో పైసలుండాలి, వండుకునే తీరిక ఉండాలి, ఈ రోజు ఇంట్లో ఏం వండాలో చెప్పే అధికారం ఉండాలి. ఇవేవీ లేని మనిషికి “మంచి తిండి తిను, నోరు కట్టుకో” అని చెప్పడం చాలా తేలిక. డాక్టర్లు చెబుతారు, టీవీలో చెబుతారు, ఇంట్లో మగవాళ్ళూ చెబుతారు. కూర తక్కువైన రోజు ఎవరి కంచంలో తగ్గుతుందో మాత్రం ఎవరూ మాట్లాడరు.

నేను పుట్టింది బీడీలు చేసే ఇంట్లోనే. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా అమ్మ లేచేది కాదు. పని లెక్క బీడీకి గానీ గంటకు కాదు కదా. తినడానికి లేస్తే అంతమేరకు కూలి పోయినట్టే. అందుకని పొద్దున చాయ, పదకొండింటికి చాయ, మళ్ళీ మూడింటికి చాయ. ఆకలిని చాయతో చంపడం మన ఇళ్ళల్లో ఒక పద్ధతి అయిపోయింది. సిరిసిల్లలో సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడే మగమనిషి ఇంటికొస్తే వేడి అన్నం ఉండాలి. అదే ఇంట్లో కండెలు చుట్టి, బీడీలు చేసి, వంట చేసిన స్త్రీకి అడుగంటింది మిగులుతుంది. కోరుట్లలో చూసినా, జగిత్యాలలో చూసినా బీడీలు చేసే ఇళ్ళల్లో ఇదే కథ.

దీని ఫలితం లెక్కల్లో కనబడుతూనే ఉంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇక్కడ కూర్చున్న ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి. అదే సర్వేలో 18.8 శాతం స్త్రీలు ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు, 30.1 శాతం ఎక్కువ ఉన్నారు. బరువు ఎక్కువుంటే బాగా తిన్నదని అనుకోకండి. ఒకే ఒంట్లో బరువూ ఉంటుంది, రక్తం తక్కువా ఉంటుంది. అన్నం, చక్కెర, నూనె ఒంట్లో చేరతాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు చేరవు. ఎంత తిన్నామన్న దానితోపాటు ఏం తిన్నామో, ఎప్పుడు తిన్నామో కూడా చూడాలి.

ఇక మనసు సంగతి. మనం పెద్దగా మాట్లాడుకోని విషయం ఇది.

ఆకలి రెండు రకాలు. కడుపు ఆకలి మెల్లగా వస్తుంది. దానికి జొన్న రొట్టె అయినా సరే, చల్లన్నం అయినా సరే. తిన్నాక చాలనిపిస్తుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది. దానికి మిక్చరే కావాలి, బజ్జీయే కావాలి, తీపే కావాలి. పొట్ట నిండినా చెయ్యి ఆగదు. తిన్న తరువాత ‘ఎందుకు తింటినో’ అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆ తిట్టుకున్న బాధకు మళ్ళీ తింటాం.

ఇది నోటి చపలత్వం కాదు, శరీరం చేసే పని. రోజుల తరబడి దిగులుతో, భయంతో బతికితే కార్టిసోల్ అనే హార్మోను ఒంట్లో ఎక్కువవుతుంది. అది ఆకలి పెంచుతుంది, తీపినీ నూనె వస్తువులనూ కోరేలా చేస్తుంది. నిద్ర తక్కువైనా అంతే, ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది. రాత్రి పదకొండు దాకా బీడీ కట్టలు కట్టి, తెల్లవారు నాలుగింటికి నల్లా నీళ్ళ కోసం లేచే మనిషికి ఎంత నిద్ర ఉంటుంది? వారం వారం కిస్తీ కట్టాల్సిన ఇంట్లో ఎంత నెమ్మది ఉంటుంది? సాంచెలు ఆగిపోయిన నెలల్లో సిరిసిల్ల ఏం చూసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అప్పులకు తాళలేక ప్రాణాలు తీసుకున్న కార్మికుల ఇళ్ళల్లో, మిగిలిన స్త్రీలు ఏం తిన్నారో, ఎట్లా తిన్నారో ఎవరైనా అడిగారా?

కొందరు బాధలో తింటారు, కొందరు బాధలో తిండి మానేస్తారు. రెండూ ఒకే దారికి చెందినవే. మన బతుకమ్మ తొమ్మిది రోజులూ గుర్తు చేసుకోండి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు – రోజుకొక నైవేద్యం. ఆరో రోజు మాత్రం అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం లేదు. ఆడది అలిగితే అన్నం ముట్టదని అందరికీ తెలుసు. కోపం వచ్చినప్పుడు మగవాడు కంచం విసిరేస్తాడు, ఆడది తన కంచం తానే తీసి పక్కన పెడుతుంది. కోపం చూపించుకోవడానికి మనకు మన కడుపు తప్ప వేరే జాగా మిగల్చలేదు. అలక తీర్చేవాళ్ళున్న ఇంట్లో అది ఒక పూటతో పోతుంది. లేని ఇంట్లో రోజుల తరబడి పస్తు అవుతుంది. ఆ పస్తు తరువాత ఏది దొరికితే అది, ఎంత దొరికితే అంత తినడం.

ఒక్కపొద్దు కూడా చూడండి. సోమవారం రాజన్నకని, శనివారం వెంకన్నకని ఉండేవాళ్ళు మీలో చాలామంది. ఎవరి నమ్మకం వాళ్ళది. అయితే పగలంతా ఉత్త చాయతో గడిపి, రాత్రి ఒకేసారి రెండింతలు తింటే ఒళ్ళు తట్టుకోదు. పగలు ఒక జామపండు, ఇన్ని పల్లీలు, ఒక గ్లాసు మజ్జిగ తీసుకోండి. దేవుడు కాదనడు.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పనులు చెబుతాను. పైసలు ఎక్కువ అక్కరలేనివే చెబుతాను.

మొదటిది, పొద్దున తినకుండా చాట ముందు కూర్చోకండి. రాత్రిపూట తిండి మీద పడడానికి పెద్ద కారణం పగలు తినకపోవడమే. గట్క అయినా, అంబలి అయినా, రాత్రి అన్నంలో పెరుగు కలిపిన చద్ది అయినా చాలు.

రెండోది, చాయ. అన్నంతోపాటు చాయ తాగితే అన్నంలోని ఇనుము ఒంటికి పట్టదు. తిన్న తరువాత గంట ఆగండి. చాయకు బదులు పప్పులో ఇంత నిమ్మకాయ పిండితే ఆ ఇనుమే బాగా పడుతుంది. రక్తహీనతకు ఇచ్చిన ఇనుము మాత్రలు కూడా చాయతో మింగవద్దు. చక్కెర లెక్క కూడా చూద్దాం. రోజుకు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. చాయకు రెండు చెంచాల చొప్పున ఐదు చాయలు తాగితేనే పది చెంచాలు.

మూడోది, ఉప్పు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు దాటవద్దంటోంది. ఐదుగురున్న ఇంటికి నెలకు 750 గ్రాములు. పచ్చళ్ళు, మిక్చరు పొట్లాల్లో వచ్చే ఉప్పు కూడా ఇందులోనే. మీ ఇంట్లో కిలో ఉప్పు ఎన్ని రోజులకు అయిపోతుందో ఈ నెల చూడండి.

నాలుగోది, కంచం. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మన శక్తిలో 45 శాతానికి మించి బియ్యం, జొన్నల వంటి ధాన్యాల నుంచి రాకూడదు. మనకేమో కంచమంతా అన్నమే. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి. పుంటికూర, తోటకూర, చింతచిగురు, పెసర్ల గుడాలు, నువ్వులు, పల్లీలు మనకు కొత్త కాదు. సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండి కంటే పిల్లలకు మంచి చిరుతిండి ఏ పొట్లంలో ఉంది? పొట్లం కొంటే వెనక రాసింది చదవండి, చదువు రాకపోతే పిల్లలతో చదివించండి. ఏది ఎక్కువ కలిపారో దాని పేరు ముందు రాయాలని నిబంధన ఉంది. మొదటి మూడు పేర్లలో చక్కెరో నూనెనో ఉంటే అది తిండి కాదు, తీర్థం లెక్క అప్పుడప్పుడు చాలు.

ఐదోది, మనసు ఆకలి వచ్చినప్పుడు పది నిమిషాలు ఆగండి. ఒక గ్లాసు నీళ్ళు తాగి, ‘నాకు ఆకలైందా, అలుపొచ్చిందా, ఏడుపొచ్చిందా, కోపమొచ్చిందా’ అని మిమ్మల్ని మీరు అడగండి. ఆకలైతే కూర్చుని తినండి. అలుపైతే నడుం వాల్చండి. ఏడుపైతే పక్కింటి వదిన దగ్గరికి వెళ్ళండి. పది నిమిషాల తరువాత కూడా తినాలనిపిస్తే ఇంత గిన్నెలో వేసుకుని తినండి, డబ్బా ముందర పెట్టుకుని కాదు. ఒకరోజు ఎక్కువ తిన్నామని మరునాడు పస్తుండకండి. పస్తే మళ్ళీ ఎక్కువ తినిపిస్తుంది.

వారాల తరబడి నిద్ర లేక, దేని మీదా ఆశ లేక, తిండి అదుపు తప్పితే అది జబ్బు. సిగ్గు పడకుండా దవాఖానాకు వెళ్ళండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

కార్యకర్తలకు ఒక మాట. పై సంగతులు చెప్పి ఊరుకుంటే మనమూ ఆ టీవీ డాక్టర్లలాగే అవుతాం. ఒంటరి మనిషిగా చేసుకోగలిగింది కొంతే. మిగిలినది హక్కుల పోరాటం.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. దాన్ని తక్కువ చేయను. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కానీ సన్నదైనా దొడ్డుదైనా బియ్యం బియ్యమే. పప్పు కావాలని, జొన్నలు కావాలని అడగాల్సింది మనమే. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు బీడు పడిన భూములు సాగు చేసి, జొన్నలతో తమ ఊళ్ళల్లో తామే రేషన్ నడిపి చూపించారు. తిండి గురించి నిర్ణయం స్త్రీల చేతికొస్తే ఏమవుతుందో వాళ్ళు నిరూపించారు.

2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి యజమాని స్థానం 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దావిడది. కార్డు మీద పేరుంటే చాలదు, సంచీ ఎవరి చేతిలో ఉందో చూడండి. గర్భిణికీ, కాన్పైన ఆరు నెలల దాకా తల్లికీ ఉచిత భోజనం అదే చట్టం ఇచ్చిన హక్కు. మన దగ్గర 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట నిండు భోజనం పెట్టాలి. “సిగ్గు, అత్తమ్మ పోనివ్వదు” అని మానుకోవద్దు. అది దయ కాదు, మీ వాటా.

2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. ఇంటి అవసరాలకు పైసలివ్వకుండా మాడ్చడం అందులోకే వస్తుంది. కూలి మొత్తం తాగుడికి పోయి పిల్లలు పస్తుంటే అది ఇంటి గుట్టు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం వచ్చింది. ఇంటి సంపాదన దేనికి ఖర్చు కావాలో తామూ చెబుతామని వాళ్ళు వీధికెక్కారు.

చివరగా, ఈ రోజే మొదలుపెట్టగలిగిన పని ఒకటి. బీడీలు చేసే వాడల్లో మీరు ఎట్లాగూ నలుగురు కలిసి అరుగు మీద కూర్చుంటారు. మధ్యాహ్నం చాటలు పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఎవరి సద్ది వాళ్ళు తెచ్చుకుని కలిసి తినండి. ఒకరికి పప్పు లేకపోతే ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఎవరు నాలుగు రోజులుగా సరిగా తినడం లేదో అప్పుడే కంట్లో పడుతుంది. ఇంట్లో కూడా అందరూ ఒకేసారి కూర్చోండి, కూర అందరి కంచాల్లో సమానంగా పడనివ్వండి. మొదటి రోజు గొణుగుతారు. గొణగనివ్వండి. ఆడపిల్ల పక్కనే కూర్చుని చూస్తుంటుంది. కడుపు మాడ్చుకోవడం మంచి ఆడదాని లక్షణం కాదని ఆమె మన దగ్గరే నేర్చుకోవాలి.