వ్యర్థమునందలి యర్థము



బాల్యమున మా బట్టలయందు చేపవాసన యున్నదని పాఠశాలలో మా ప్రక్క నెవరును గూర్చుండెడివారు కారు. 'నీచు' అను నాటి మాట నేటికిని మా చెవిని వీడలేదు. పిమ్మట సంస్కృతము నభ్యసించి భారతము దెఱచిననాడు, పరాశరుని వరమున మత్స్యగంధి యోజనగంధి యైన కథ కనుపించెను. ఆమె దాశరాజు పెంచిన కూతురు, వ్యాసభగవానుని కన్నతల్లి. మారినది వాసనయే గాని వనిత కాదు. నేటి రసాయనశాస్త్రము రొయ్యపెంకు విషయమున నట్టి పనియే చేయుచున్నది.

విశాఖపట్టణ ప్రాంతపు కర్మాగారములలో రొయ్యల తలలును పెంకులును దీసివైచిన, తూకములో సుమారు సగము పోవును. పాఱవైచినచో నది దుర్గంధమునకు మూలము. ఆ పెంకులోనే మాంసకృత్తులు, సున్నము, కైటిన్ అను పదార్థము గలవు. 1823 లో ఒడియే అను ఫ్రెంచి పండితుడు వస్త్రవాచకమగు గ్రీకుపదమునుండి దీనికి బేరిడెను. పెంకులను పలుచని హైడ్రోక్లోరికామ్లమున నుంచిన సున్నము కరగును, పలుచని కాస్టిక్ సోడాలో కాచిన మాంసకృత్తులు విడిపోవును, మిగిలినది కైటిన్. దానిని చిక్కని సోడాలో మరల కాచిన కైటోసాన్ లభించును. ఇది మురికినీటిని దేర్చుటకును, గాయములనుండి కాఱు రక్తము నాపు కట్లకును ఉపయోగపడుచున్నది. ఇది ఇంటిలో చేయదగిన పని కాదు. ఆ పనిలో మిగులు నీటిని శుద్ధిచేయక విడిచినచో గంగమ్మతల్లికే అపకారము.

సముద్రమునకు దూరమైన చీడికాడవారికి దీనితో నేమి పని యందురా? మాంసమును కొవ్వును నీటితో నుడికించి పులియబెట్టిన కుణపజలమును చెట్లకు బోయుమని సురపాలుని వృక్షాయుర్వేదము చెప్పుచున్నది. అందు చేపయు గలదు. ఆ గ్రంథము 1996 లో సికిందరాబాదునుండి ఆంగ్లానువాదముతో వెలువడినది. చేపల ప్రేగులు, మొప్పలు మున్నగువానిని సమానమైన యెత్తు బెల్లముతో పులియబెట్టి, ఆ రసమును నీటిలో మిక్కిలి పలుచన చేసి పైరుపై జల్లు పద్ధతి నేటి ప్రకృతి వ్యవసాయదారులలో నున్నది. కోనాం జలాశయపు చేపయు, చోడవరపు బెల్లమును మనకు చేరువనే యున్నవి గదా!

అయిన నొక్క హెచ్చరిక. మంచుగడ్డల నడుమ వ్రేళ్లు పాయునట్లు రొయ్యల నొలుచునది మన యాడుబిడ్డలు. వ్యర్థమై యున్నంతకాలము మోయుట మన వంతు, అర్థమైన వెంటనే యనుభవించుట పరుల వంతు కారాదు. కావున ఈ మహాసభవారికి మా విన్నపములు రెండు. మన స్త్రీలు సహకారసంఘముగా నేర్పడి యీ వ్యర్థమును దామే సేకరించి విక్రయించునట్లు దాతలు తొలి పెట్టుబడి నొసగవలెను. రసాయనశాస్త్రము చదువగోరు మన బిడ్డలకు విద్యార్థివేతనము లీయవలెను. 1957 లో కొచ్చిలో స్థాపితమైన కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థకు విశాఖపట్టణముననే పరిశోధనకేంద్ర మున్నది. ఆ వాకిట మన పిల్లలు నిలువవలెను.

నాడు మా ప్రక్కబల్ల ఖాళీగా నుండెను. మన మనుమలకు అట్టి దినము రాకుండుగాక!